ప్రయోగశాల సహాయకుడు జ్ఞాపకాలు రాయవచ్చా?

ప్రశ్న: ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్ర ప్రయోగశాల సహాయకుడిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. 1926లో ఏర్పడిన మా విశ్వవిద్యాలయానికి నూరేళ్లు నిండిన సందర్భంగా ఆచార్యులు, పూర్వ విద్యార్థులు తమ అనుభవాలు రాస్తున్నారు. మా అమ్మాయి నన్ను కూడా రాయమంటోంది. నేను పాఠం చెప్పినవాణ్ణి కాను, అక్కడ పట్టా పుచ్చుకున్నవాణ్ణీ కాను. రాస్తే చదివేదెవరు? రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

సమాధానం: తప్పకుండా రాయండి. ఆంధ్ర విశ్వవిద్యాలయ చరిత్ర అనగానే వ్యవస్థాపక ఉపాధ్యక్షులు (వైస్ ఛాన్సలర్) కట్టమంచి రామలింగారెడ్డి గారు, 1931 నుంచి 1936 వరకు ఆ పదవిలో ఉన్న సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు, శాస్త్ర విద్య కోసం ఏటా లక్ష రూపాయల విరాళం ప్రకటించిన జయపురం మహారాజు విక్రమదేవ వర్మ గారు గుర్తుకు వస్తారు. వారిని తలచుకోవడం న్యాయమే. మీ విభాగంలోనే టి.ఆర్. శేషాద్రి గారు ఏళ్ల తరబడి పరిశోధన చేశారు, చేయించారు. అయితే ఆ పరిశోధనలకు ద్రావణాలు కలిపిపెట్టినవారు, గాజు సామాను కడిగి ఆరబెట్టినవారు, రాత్రి పొద్దుపోయేదాకా తాళాలు పట్టుకుని కూర్చున్నవారు కూడా ఉన్నారు కదా! రెండో ప్రపంచ యుద్ధ కాలంలో విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలిపోయిందని అందరూ రాస్తారు. ఆ సామానంతా పెట్టెల్లో సర్దిన చేతుల ప్రస్తావన నేను చదివిన వ్యాసాల్లో ఎక్కడా కనిపించలేదు. ఆ లోటు మీ తరం విషయంలోనూ మిగిలిపోకూడదన్నది నా గట్టి కోరిక.

నేను ఎమ్మెస్సీ చదివిన రోజుల్లో ప్రాక్టికల్ పరీక్షనాడు బ్యూరెట్ (ద్రావణాన్ని కొలిచి వదిలే గాజు గొట్టం) కారడం మొదలైతే, మా ప్రయోగశాల సహాయకుడు ఒక్క మాట మాట్లాడకుండా వచ్చి, స్టాప్‌కాక్ అనే దాని కొళాయిని ఊడదీసి, గుడ్డతో తుడిచి, పలచగా వాజలీన్ రాసి, రెండుసార్లు తిప్పి చూసి చేతికిచ్చారు. ఏ సీసాలో ఆమ్లం ఎంత పాతబడిందో, ఏ తక్కెడ ముల్లు మొరాయిస్తుందో ఆయనకు తెలిసినంతగా మాలో ఎవరికీ తెలియదు. సముద్రపు గాలి తగిలే మీ ఊళ్లో తక్కెడ పెట్టెల్లోకి చెమ్మ చేరకుండా కాల్షియం క్లోరైడ్ ఎన్నాళ్లకొకసారి మార్చేవారు? ఇనుప స్టాండ్లకు పట్టే తుప్పును ఎలా వదలగొట్టేవారు? హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు కోసం, దాన్ని పుట్టించే కిప్స్ ఉపకరణాన్ని సిద్ధం చేసిన రోజున ఆ కుళ్లు కంపు బట్టల్లోనే ఇంటిదాకా వచ్చేదా? ఇవన్నీ ఏ వార్షిక నివేదికలోనూ ఉండవు. ఎవరో ఒకరు రాసిపెడితే తప్ప, ఒక విద్యాసంస్థ రోజువారీగా ఎలా నడిచిందో రాబోయేవారికి తెలిసే దారి లేదు.

కాబట్టి పుట్టిన ఊరితోనో, ఉద్యోగ నియామక పత్రంతోనో మొదలుపెట్టకండి. విద్యా సంవత్సరం మొదట్లో కొత్త విద్యార్థులు రాకముందు ప్రయోగశాలను ఎలా సిద్ధం చేసేవారో, స్టోర్స్‌కు ఇండెంట్ (కావలసిన సామాను జాబితా) పెట్టడం నుంచి బల్లల మీద రియేజెంట్ (ప్రయోగాలకు వాడే రసాయనం) సీసాలు అమర్చేదాకా, వరుసగా రాయండి. పగిలిన గాజు సామాను రాసే పుస్తకం గురించి ప్రత్యేకంగా రాయాలి. పరీక్షనాళిక పగిలితే డిపాజిట్టులో ఎంత కోత పడుతుందోనని బిక్కమొహం వేసుకుని నిలబడిన పేద విద్యార్థులను మీరు చూసే ఉంటారు; వారితో ఎలా వ్యవహరించారో చెప్పండి. బ్రతికి ఉన్నవారికి ఇబ్బంది కలిగించే సంగతులైతే పేర్లు వదిలేయవచ్చు, సంఘటనను మాత్రం వదలవద్దు. నొచ్చుకున్న సందర్భాలు ఉంటే వాటిని మెత్తబరచకుండా, కక్ష తీర్చుకుంటున్నట్లు కాకుండా, జరిగింది జరిగినట్లు రాయండి. నూరేళ్ల పండుగ కదా అని పొగడ్తలతో నింపితే ఆ రాతకు విలువ ఉండదు.

తేదీల దగ్గర సందేహం వస్తే మీతో పనిచేసినవారిని అడిగి సరిచూసుకోండి. చేత్తో రాయడం కష్టమైతే ఫోనులో చెబుతూ రికార్డు చేయండి, తరువాత మీ అమ్మాయి చేత రాయించండి. ఆమె విన్నది విన్నట్లే రాయాలి. మీ ఉత్తరాంధ్ర మాటను దిద్ది పాఠ్యపుస్తకం భాషలోకి మార్చనివ్వకండి.