పాత మిషను రోజుల ప్రేమకథ రాస్తున్నారా? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఒంగోలు, నెల్లూరు, గుంటూరు క్రైస్తవ మిషన్ల నేపథ్యంలో, దొరల కాలంలో సాగే ప్రేమ నవలలు రాస్తున్నవారి నుంచి వచ్చిన ప్రశ్నలు ఈ నెల తీసుకున్నాం. చాలామంది కథల్లో ప్రేమికులకు అడ్డుపడేది ఒక దుర్మార్గుడైన మేనమామో, జమీందారో. అతన్ని పక్కన పెట్టి చూడండి. ఆనాటి చట్టం, సంఘం కట్టుబాట్లు పెట్టిన అడ్డంకులు అంతకంటే గట్టివి.

ప్ర: నా కథానాయకుడు ఒంగోలు మిషను బడిలో పంతులు. కాలం 1870ల చివర. బాప్తిస్మం తీసుకున్నాడని, చిన్నతనంలో పెళ్లయి, కాపురం చేస్తున్న భార్య పుట్టింటికి వెళ్లిపోయింది. అతను ఉపదేశి (మిషను స్థానిక బోధకుడు) కూతుర్ని ప్రేమించాడు. ఇద్దరికీ చర్చిలో పెళ్లి చేసి కథ ముగించవచ్చా? – పాఠకురాలు, చీరాల

జ: వెంటనే కుదరదండీ. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం పెళ్లికొడుక్కి గానీ పెళ్లికూతురికి గానీ బతికున్న భార్య, భర్త ఉండకూడదు. మీ పంతులుగారికి భార్య ఉంది. ఏ పాస్టరూ ఆ పెళ్లి చేయడు.

అయితే అతనికి ఒక దారి ఉంది. మతం మారిన కారణంగా భార్య గానీ భర్త గానీ వదిలేసినవారి కోసమే 1866లో ఒక చట్టం వచ్చింది. దాని ప్రకారం భార్య వరసగా ఆరు నెలలు అతన్ని కాదని ఉండిపోవాలి. ఆ తర్వాత అతను కోర్టుకు వెళ్లాలి. అక్కడ అడగాల్సింది విడాకులు కాదు. భార్యను కాపురానికి పంపమనే దావా వేయాలి. చాలా రాతప్రతుల్లో తప్పు జరిగేది ఇక్కడే. జడ్జి ఆమెను పిలిపించి, రాకపోవడానికి కారణం అతని మతమేనా అని స్వయంగా అడుగుతాడు. ఆమె ఔనన్నా వెంటనే తీర్పు ఇవ్వడు. ఒక ఏడాది వాయిదా వేస్తాడు. ఏడాది తిరిగాక మళ్లీ అడుగుతాడు. అప్పటికీ ఆమె మాట అదే అయితే పెళ్లి రద్దవుతుంది. ఆ తర్వాత ఎవరికి వారు వేరే పెళ్లి చేసుకోవచ్చు.

ఆ ఏడాది వాయిదాను ఒక్క వాక్యంలో దాటేయకండి. మీ నవలకు నడుమ భాగం అదే. ఉపదేశి కూతురు ఏ ఆశతో ఎదురుచూడాలి? భార్య వస్తానంటే ఈ పిల్ల గతేమిటి? మంచి క్రైస్తవుడిగా అతను ఏమని ప్రార్థన చేయాలి, భార్య తిరిగి రావాలనా, రాకూడదనా? విశ్వాసం, ప్రేమ ఎదురెదురుగా నిలబడే చోటు ఇంతకంటే దొరకదు. ఆ మొదటి భార్యకూ ఒక అధ్యాయం ఇవ్వండి. పుట్టింటివాళ్లు గుమ్మంలో నిలబడి ఉండగా పరాయి దొర ముందు సమాధానం చెప్పాల్సిన పిల్ల ఆమె. ఆమెను గయ్యాళిగా చూపిస్తే కథ సగం చచ్చిపోతుంది. ఒంగోలు అప్పట్లో నెల్లూరు జిల్లాలోది. అందుకే కోర్టు సన్నివేశం నెల్లూరులో పెట్టండి. ‘ప్రకాశం జిల్లా’ అనే పేరు 1972లో వచ్చింది, కథలో ఎక్కడా రానీయవద్దు.

ప్ర: తండ్రి ‘కులం చెడ్డావు, ఆస్తిలో చిల్లిగవ్వ ఇవ్వను’ అంటాడు. ఇది నిజంగా చెల్లేదా? – పాఠకుడు, కావలి

జ: పిత్రార్జితం విషయంలో చెల్లదు. మతం మారినంత మాత్రాన వారసత్వపు హక్కు పోదని 1850లోనే చట్టం చేశారు. ఊరి వెలిని మాత్రం ఏ చట్టమూ ఆపలేదు. చాకలి రాడు, మంగలి రాడు, బావిలో చేద వేయనివ్వరు. బెదిరింపు అక్కడి నుంచి రానివ్వండి.

ప్ర: పెళ్లి రాత్రిపూట, కొవ్వొత్తుల వెలుగులో జరిగినట్టు రాశాను. వధువుకు తెల్ల గౌను, వయసు పద్నాలుగు. సరేనా? – పాఠకురాలు, సికింద్రాబాద్

జ: పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఏడు లోపలే పెళ్లి జరగాలని 1872 చట్టం చెబుతుంది. మీ కొవ్వొత్తులు విందుకు పనికొస్తాయి. దేశీయ క్రైస్తవుల పెళ్లికి లైసెన్సు ఉన్న మనిషి ఒకరు, అతను కాక మరో ఇద్దరు సాక్షులు ఉండాలి. వాళ్ల ఎదుట, దేవుని సన్నిధిలో, యేసుక్రీస్తు నామంలో నిన్ను స్వీకరిస్తున్నానని వధూవరులు ఒకరితో ఒకరు చెప్పాలి.

ఆ చట్టంలో మొదట పెట్టిన వయసులు అబ్బాయికి పదహారు, అమ్మాయికి పదమూడు దాటడం. అంటే పద్నాలుగేళ్లు ఆనాటి లెక్కకు సరిపోతాయి, కానీ పద్దెనిమిది నిండనివాళ్లకు తండ్రి సమ్మతి కావాలి. అయినా మా సలహా వేరు. ఆమెను మిషను బోర్డింగులో చదివి అక్కడే పాఠాలు చెబుతున్న పంతొమ్మిదేళ్ల అమ్మాయిని చేయండి. అప్పుడు ప్రేమ ఆమె సొంత నిర్ణయం అవుతుంది, చదివేవాళ్లకూ ఇబ్బంది ఉండదు.

పల్లెటూరి పెళ్లికి గౌను వద్దు, చీర చాలు. అది అంచు లేని తెల్లచీరైతే, పెళ్లికి వచ్చిన హిందూ బంధువులు చూసి ఉలిక్కిపడతారు. వాళ్ల కళ్లకు అది విధవరాలి బట్ట. ఆ ఒక్క క్షణాన్ని ఒక పేరా అంతా రాయవచ్చు.

ప్ర: ఒంగోలులో బిషప్ వచ్చి పసిబిడ్డకు నీళ్లు చల్లి బాప్తిస్మం ఇచ్చినట్టు రాశాను. మా పాస్టరుగారు నవ్వారు. ఎందుకు? – పాఠకుడు, ఒంగోలు

జ: ఒంగోలు, నెల్లూరు, రామపట్నం అమెరికన్ బాప్టిస్టులవి. వాళ్లకు బిషప్పులు లేరు. పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. విశ్వసించానని నోటితో చెప్పగలిగినవాణ్ణి నీళ్లలో పూర్తిగా ముంచుతారు. మీ సన్నివేశం అలాగే ఉండాలంటే కథను మచిలీపట్నానికి మార్చండి, అక్కడిది ఆంగ్లికన్ (ఇంగ్లండు చర్చి) మిషను. గుంటూరు లూథరన్లది, 1842లో హేయర్ అనే మిషనరీ వచ్చి మొదలుపెట్టాడు. అక్కడ పసిపిల్లల బాప్తిస్మం ఉంది. కడప, విశాఖ లండన్ మిషనువి. ఇక ‘సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) చర్చి’ అని 1870ల పాత్ర చేత అనిపించకండి, ఆ సంఘం పుట్టింది 1947లో.

ప్ర: కరువులో కాలువ పనికి వచ్చిన అమ్మాయికీ, మేస్త్రీగా ఉన్న బోధకుడికీ ప్రేమ. ‘తిండి కోసం మతంలో కలిశారు’ అనే మాట రాకుండా ఎలా రాయాలి? – పాఠకుడు, గూడూరు

జ: చరిత్రే మీకు సాయం చేస్తుంది. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకున్నాడు. తన బోధకులనే పని మీద పెట్టాడు. పగలు మట్టి తవ్వకం, తట్టల మోత, సాయంత్రం పని ఆగాక వాక్యం. బాప్తిస్మం ఇమ్మని ఎంతమంది అడిగినా ఆ కాలంలో దాదాపు పదిహేను నెలలు ఇవ్వలేదు. కూలి కోసం వచ్చారో, క్రీస్తు కోసం వచ్చారో తేలాలన్నదే కారణం.

మీ కథకు ముడి అక్కడే ఉంది. ఆమె నిజంగా నమ్మింది, అయినా బాప్తిస్మం దొరకదు. వధూవరుల్లో ఒకరు క్రైస్తవులైనా పెళ్లి చేయడానికి చట్టం ఒప్పుకుంటుంది. బోధకుడు బాప్తిస్మం లేని పిల్లను చేసుకుంటానంటే ఒప్పుకోనిది సంఘం. పైగా అతను ఆమె కూలి లెక్క రాసే మనిషి. ఒక తట్ట ఎక్కువ రాసినా పక్కనున్న ఆడవాళ్లు చూస్తారు. కాబట్టి ప్రేమ ఉన్నవాడు ఆమె లెక్కే అందరికంటే కచ్చితంగా రాయాలి. ఆ లెక్క పుస్తకం చుట్టూ రెండు మూడు సన్నివేశాలు అల్లండి.

1878 జూలై 3న గుండ్లకమ్మలో, వెల్లంపల్లి దగ్గర 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. అది బుధవారం, ఆదివారం అని రాయకండి. నీళ్లలో దిగింది ఆరుగురు తెలుగు బోధకులు. ఒకేసారి ఇద్దరు పని చేస్తుంటే మిగతావాళ్లు విశ్రాంతి తీసుకునేవారు. మీ కథానాయకుణ్ణి ఆ ఆరుగురిలో ఒకడిగా చేయవద్దు, ఒడ్డున వరస సర్దేవాడిగా నిలబెట్టండి. ఊళ్లో మనుషులు సంవత్సరాన్ని అంకెల్లో చెప్పరు. తెలుగు సంవత్సరం పేరుతో చెబుతారు: కరువు మొదలైంది ధాతలో, ఈ బాప్తిస్మాలు బహుధాన్యలో.

ప్ర: కథానాయకుడు రాత్రికి రాత్రి రైలెక్కి మద్రాసు నుంచి ఒంగోలు వస్తాడు. కుదురుతుందా? – పాఠకురాలు, బెంగళూరు

జ: కోస్తా రైలు 1890లలో గానీ రాలేదు. దారి 180 మైళ్లు. ఎండకు భయపడి రాత్రుళ్లు ఎద్దుబండి కడితే రాత్రికి ఇరవై మైళ్లు. తొమ్మిది రాత్రులు వేసుకోండి, ఏరు పొంగితే ఇంకా ఎక్కువ.

ప్ర: జీతం ‘ఏడు రూపాయల యాభై పైసలు’ అనవచ్చా? – పాఠకుడు, నెల్లూరు

జ: ‘ఏడున్నర రూపాయలు’ అనండి, లేదా ఏడు రూపాయల ఎనిమిది అణాలు. రూపాయికి పదహారు అణాలు, అణాకు పన్నెండు పైలు. వంద పైసల లెక్క 1957లో వచ్చింది.