పెట్రోల్ బంకు కింద మట్టి తవ్వడానికి అమెరికా చదువా?

ప్రశ్న: మా అమ్మాయి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ జియాలజీ చేసింది. అమెరికాలో హైడ్రోజియాలజీలో (భూగర్భ జలాల శాస్త్రం) ఎంఎస్ సీటు వచ్చింది. అదే కోర్సు చదివిన సీనియర్‌ని అడిగితే, గ్యాస్ స్టేషన్ల దగ్గర పెట్రోలు లీకైన మట్టినీ నీటినీ పరీక్షించే కంపెనీలో పనిచేస్తున్నానంది. బంకుల్లో మట్టి తవ్వడానికి లోను తీసుకుని అంత దూరం పంపాలా? పైగా ఎలక్ట్రిక్ కార్లొస్తే బంకులే ఉండవంటున్నారు. కంప్యూటర్ కోర్సుకి మారమంటే వినడం లేదు. – ఒక తండ్రి, విజయనగరం

జవాబు: ముందు ఎలక్ట్రిక్ కార్ల సంగతి. బంకు మూతపడితే ఈ పని పోదండీ, అప్పుడే మొదలవుతుంది. అమెరికాలో భూమిలో పాతిన పెట్రోల్ ట్యాంకును శాశ్వతంగా మూసేయాలంటే, కింద లీకు ఉందో లేదో పరీక్షించి తీరాలి. అది కేంద్ర ప్రభుత్వ నిబంధన. 1980ల నుంచి ఇప్పటిదాకా అక్కడ లీకైనట్టు తేలిన చోట్లు 5 లక్షలు దాటాయి. ఎక్కువ భాగం శుభ్రం చేశారు కానీ, ఇంకా వేల చోట్ల పని మిగిలే ఉంది. కాబట్టి ఆ భయం పక్కన పెట్టండి.

ఇక మట్టి తవ్వడం. తవ్వేది డ్రిల్లింగ్ వాళ్లు. మీ అమ్మాయి పని, పైకొచ్చిన మట్టిని చూసి అది ఇసుకా, బంకమన్నా అని రాసుకోవడం, మీటరు పెట్టి ఆవిర్లు కొలవడం, నమూనా ఎక్కడ తీయాలో చెప్పడం. ట్యాంకు నుంచో పైపు అతుకు నుంచో కారిన పెట్రోలు నిలువునా దిగి, భూగర్భ నీటిమట్టం దగ్గర ఆగుతుంది. నీటికంటే తేలిక కనక పైన తేలుతుంది. అందులోని బెంజీన్ మాత్రం కొంచెం కొంచెంగా కరిగి నీటితో పాటు పక్కవాళ్ల స్థలంలోకి పోతుంది. బెంజీన్ క్యాన్సర్ తెస్తుంది. అమెరికాలో తాగునీటిలో దానికి అనుమతించిన హద్దు లీటరుకు 5 మైక్రోగ్రాములే.

నీరు ఎటు పోతోందో ఎలా తెలుస్తుంది? కనీసం మూడు పరిశీలన బావులు వేసి, వాటిలో నీటిమట్టాలు కొలిచి లెక్క కట్టాలి. మూడు బిందువుల లెక్క అంటారు, మీ అమ్మాయి ఎమ్మెస్సీలో చేసే ఉంటుంది. అడిగి చూడండి, కాగితం మీద గీసి చూపిస్తుంది. ఆ గీత తప్పితే కలుషిత నీరు ఒక వైపు పోతుంటే కంపెనీ ఇంకో వైపు బోర్లు వేస్తుంది.

శుభ్రం చేసే పద్ధతులు చాలా ఉన్నాయి. చెడిన మట్టిని తీసి పారేయడం, భూమిలోంచి ఆవిర్లు పీల్చడం, నీటి కిందకు గాలి ఊదడం. పెట్రోలును మట్టిలోని బ్యాక్టీరియా తినేస్తుంది కాబట్టి, ప్రమాదం లేని చోట ఏళ్ల తరబడి నీటిని పరీక్షిస్తూ వేచి ఉండటం కూడా అధికారులు ఒప్పుకునే పద్ధతే. అన్నిచోట్లా అది కుదరదు. అమెరికాలో పెట్రోలులో ఒకప్పుడు ఎంటీబీఈ అనే రసాయనం కలిపేవారు. అది నీటిలో ఇట్టే కరిగిపోతుంది, బ్యాక్టీరియాకు అంత తేలిగ్గా లొంగదు. దానివల్ల 1996లో కాలిఫోర్నియాలోని శాంటా మోనికా నగరం తన తాగునీటి బావుల్లో చాలావాటిని మూసుకోవాల్సి వచ్చింది.

మీరు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. మొదటి మూడేళ్లు ఈ ఉద్యోగం ఆఫీసులో ఉండదు. తెల్లవారుజామున బయల్దేరి వందల కిలోమీటర్లు బండి నడపాలి, మంచులోనో మండుటెండలోనో డ్రిల్లింగ్ యంత్రం పక్కన రోజంతా నిలబడాలి. నీటి నమూనా సీసాలో గాలిబుడగ మిగిలితే బెంజీన్ అందులోకి ఆవిరైపోతుంది, కాబట్టి చేతులు కొంకర్లు పోతున్నా సీసా తిరగేసి చూసుకోవాలి. జీతం సాఫ్ట్‌వేర్ జీతంలా ఉండదు, లోను లెక్క వేసేటప్పుడు ఇది మనసులో పెట్టుకోండి. చదువయ్యాక స్టెమ్ డిగ్రీకి, అంటే సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కల డిగ్రీలకి, అక్కడ మొత్తం మూడేళ్లు పనిచేసే వీలు ఉంది. ఆ తర్వాత చిన్న కన్సల్టెన్సీలు వీసా ఖర్చుకు వెనకాడతాయి, ప్రభుత్వ ఉద్యోగాలకు చాలాచోట్ల పౌరసత్వం అడుగుతారు. ఈ రిస్కు నేను దాచి చెప్పను.

తిరిగొస్తే? మన దగ్గర 2025 జూలైలో కలుషిత స్థలాల నిర్వహణకు కేంద్రం విడిగా నియమాలు తెచ్చింది. కాలుష్యం చేసినవాడే శుభ్రం చేసే ఖర్చు భరించాలన్నది అందులో ముఖ్యమైన మాట. మార్కెట్ ఇప్పుడిప్పుడే మొదలవుతోంది, అనుభవంతో వచ్చేవాళ్లు తక్కువ. అయినా రేపే ఉద్యోగాలు కురుస్తాయని ఆశ పెట్టలేను.

సీటు ఖాయం చేసుకునే ముందు యూనివర్సిటీకి రెండు ప్రశ్నలు రాయించండి. ఈ డిగ్రీ ప్రొఫెషనల్ జియాలజిస్ట్ లైసెన్సుకు పనికొస్తుందా? లైసెన్సు నియమాలు రాష్ట్రాన్ని బట్టి మారతాయి, పేరులో 'ఎన్విరాన్‌మెంట్' ఉన్న ప్రతి కోర్సూ వాటికి సరిపోదు. రెండోది, ప్రమాదకర వ్యర్థాల చోట పనికి కావాల్సిన 40 గంటల భద్రతా శిక్షణ, హాజ్‌వోపర్ అంటారు, అది చదువుతుండగానే ఇప్పిస్తారా? చాలా కంపెనీలు రెజ్యూమెలో ముందు దాన్నే వెతుకుతాయి. డ్రైవింగ్ రాకపోతే ఈ నెలలోనే చేర్పించండి.

ఇంకో పని, దీనికి ఖర్చేమీ లేదు. కాలిఫోర్నియా ప్రభుత్వానికి జియోట్రాకర్ అనే వెబ్‌సైట్ ఉంది. లీకైన బంకుల రిపోర్టులు ఎవరైనా చదువుకోవచ్చు. ఏదో ఒక బంకు ఫైలు తీసుకుని, మొదటి బోరు నుంచి కేసు మూసేసే ఉత్తరం దాకా అమ్మాయిని చదవమనండి. మూడో రిపోర్టుకే విసుగొస్తే కోర్సు గురించి మళ్లీ ఆలోచించుకోవచ్చు. నాలుగో రిపోర్టు అర్ధరాత్రి దాకా చదివితే మీరు కంప్యూటర్ కోర్సు మాట ఎత్తకపోవడమే మంచిది.

అన్నట్టు, మీ ఉత్తరంలో అమ్మాయి మాట ఒక్క వాక్యం కూడా లేదండీ. ఆ ఫైలు చదివాక ఏమనిపించిందో ఈసారి తననే రాయమనండి.