సిటీ ఆఫ్ హీరోస్ మొదలుపెట్టబోతున్న మా చిన్నోడికి

చిరంజీవి చిన్నోడికి,

పెదనాన్న ఆశీస్సులు. మొన్న ఫోన్లో, "పెదనాన్నా, మీరు అప్పట్లో రాత్రుళ్లు ఆడిన ఆ సూపర్‌హీరోల ఆట మళ్లీ నడుస్తోందట కదా, సెలవుల్లో మొదలుపెట్టనా?" అని అడిగావు. "ఆడరా" అని ఒక్క ముక్కలో తేల్చేశాను. ఫోన్ పెట్టేశాక మనసు ఊరుకోలేదు. ఎనిమిదేళ్లు ఆడాను. అందులో ఏది గొప్పో, ఎక్కడ విసుగు పుడుతుందో నాకు తెలుసు. అవి చెప్పకుండా నిన్ను పంపడం బాగుండదనిపించి, ఈ ఆదివారం కూర్చుని రాస్తున్నాను.

సిటీ ఆఫ్ హీరోస్ 2004 ఏప్రిల్ 28న వచ్చింది. క్రిప్టిక్ స్టూడియోస్ వాళ్లు తయారు చేశారు. కథంతా పారగాన్ సిటీ అనే ఊళ్లో. అది అమెరికాలో రోడ్ ఐలాండ్ రాష్ట్రంలో ఉన్నట్టు కల్పించారు. అప్పుడు నేను న్యూజెర్సీకి కొత్త. పగలంతా ఆఫీసు, రాత్రి ఖాళీ గది. మీ పెద్దమ్మ ఇంకా వీసా రాక విజయవాడలోనే ఉంది. ఆ రోజుల్లో నాతో రోజూ నాలుగు మాటలు మాట్లాడింది ఆ ఆటలోవాళ్లే. అందుకని దాని మీద నాకు ప్రేమ ఎక్కువ. నేను చెప్పేదంతా ఆ ప్రేమతో చెప్తున్నదే అని గుర్తుపెట్టుకుని చదువు.

మొదట నువ్వు ఓ హీరోని తయారు చేసుకోవాలి. ఇక్కడ తొందరపడకు. ఈ ఆటకి ఉన్న మొదటి బలం ఇదే. మిగతా ఆన్‌లైన్ ఆటల్లో దొరికిన కవచం ఏదైతే అదే వేసుకుని తిరగాలి. ఒకే లెవల్లో ఉన్నవాళ్లందరూ ఒకేలా కనిపిస్తారు. ఇందులో దుస్తులకీ బలానికీ సంబంధం లేదు. పొడవు, భుజాల వెడల్పు, ముసుగు, చేతి తొడుగులు, రంగులు, అన్నీ నీ ఇష్టం. మొదటి రాత్రి ఊళ్లోకి వెళ్లకుండా ఆ తెర ముందే మూడు గంటలు కూర్చున్నాను. హీరో పుట్టుపూర్వోత్తరాలు రాసుకోవడానికి కాస్త చోటు కూడా ఇస్తారు. అది ఖాళీగా వదలకు. పక్కనున్నవాళ్లు నీ హీరో మీద క్లిక్ చేసి చదువుతారు, చదివి పలకరిస్తారు. నాకు దొరికిన మొదటి స్నేహం అలా దొరికిందే.

ఒక్కటి మాత్రం చేయకు. హల్క్‌నో, వుల్వరీన్‌నో దించేయకు. ఆటగాళ్లు అలా తయారు చేస్తున్నారనే మార్వెల్ వాళ్లు 2004 నవంబర్లో కోర్టుకెక్కారు. 2005 డిసెంబర్లో రాజీ అయింది. నకలు హీరో కనబడితే పేరు మార్చేస్తారు, నువ్వు పడ్డ శ్రమ పోతుంది. అయినా చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం ఎందుకురా? నీ మనసులో పుట్టినవాణ్ణి నిలబెట్టు.

తర్వాత ఏ రకం హీరో అన్నది. దూరం నుంచి దంచేవాడు బ్లాస్టర్. దెబ్బలు తన మీద వేసుకునేవాడు ట్యాంకర్. దగ్గరికెళ్లి కొట్టేవాడు స్క్రాపర్. శత్రువుల్ని కట్టిపడేసేవాడు కంట్రోలర్. తోటివాళ్లని కాపాడేవాడు డిఫెండర్. మొదట్లో ఉన్నవి ఈ ఐదే, తర్వాత ఇంకా చాలా కలిశాయి. కుర్రాళ్లందరూ బ్లాస్టర్ దగ్గరికే పరిగెత్తుతారు. నేనూ అంతే, నిప్పులు చెరిగే బ్లాస్టర్‌ని చేశాను. నాలుగు దెబ్బలు తగిలితే పడిపోవడం, ఆసుపత్రిలో లేవడం, మళ్లీ పరిగెత్తడం. పడిపోయినప్పుడల్లా అప్పు మీద పడుతుంది, అది తీరేదాకా లెవల్ పెరగడం నెమ్మదిస్తుంది. నెల తిరిగేసరికి విసుగొచ్చింది.

అప్పుడు ఒకాయన, "కైనెటిక్స్ డిఫెండర్ చేసి చూడు" అన్నాడు. ఆ రకానికి స్పీడ్ బూస్ట్ అని ఓ శక్తి ఉంది. వేస్తే జట్టులో తోటివాడు గాలిలా పరిగెత్తుతాడు, శక్తులు త్వరగా తిరిగొస్తాయి, అలసట తెలియదు. దాన్ని నీకు నువ్వు వేసుకోలేవు, పక్కవాళ్లకే వేయగలవు. అప్పట్లో ఒక్కొక్కరికీ విడివిడిగా వేయాలి, రెండు నిమిషాలుంటుంది. జట్టులో ఎనిమిది మంది అంటే మిగతా ఏడుగురి చుట్టూ తిరుగుతూ వేస్తూనే ఉండాలి, వేయడం అయ్యేసరికి మొదటివాడికి మళ్లీ టైమ్ అయిపోయేది. విని విసుగు పని అనుకుంటావు. కానీ నేను జట్టులోకి రాగానే ఏడుగురూ "హమ్మయ్య, వచ్చాడు" అన్నట్టు మాట్లాడేవాళ్లు. ఆఫీసులో కొత్తవాణ్ణి, ఊరికి కొత్తవాణ్ణి, అక్కడ మాత్రం నేను లేకపోతే పని నడవదు. ఆ మాట నన్ను ఎంత నిలబెట్టిందో నీకు ఇంకా తెలియకపోవచ్చు. అందుకే మొదటి హీరోగా తోటివాళ్లకి పనికొచ్చేవాణ్ణే ఎంచుకో. ఈ ఆట ప్రాణమంతా అక్కడుంది.

ఆట కట్టినవాళ్లు కూడా అదే ఆలోచించారు. నువ్వు 5వ లెవల్, నీ స్నేహితుడు 40. మరో ఆటలో అయితే ఇద్దరూ కలిసి ఆడలేరు, నువ్వు అతన్ని అందుకోవడానికి నెలల తరబడి ఒంటరిగా తిరగాలి. ఇందులో సైడ్‌కిక్ పద్ధతి పెట్టారు. పెద్ద లెవల్ వాడు చిన్నవాణ్ణి చేయి పట్టుకున్నట్టు తన కంటే ఒక్క లెవల్ తక్కువకి లేపుతాడు. 2009 నుంచి జట్టులో చేరగానే అదంతట అదే జరిగిపోతోంది. ఇరవై ఏళ్ల కింద ఇంత మంచి ఆలోచన చేశారంటే నాకు ఇప్పటికీ దండం పెట్టాలనిపిస్తుంది.

ఇక లోపాలు. దాచను. కథలు బాగుంటాయి కానీ పని జరిగే చోట్లు అవే అవే. ఒక ఆఫీసు, ఒక గోడౌన్, ఒక గుహ, కింద మురుగు కాలువ. తలుపు తెరిస్తే లోపల ముందే చూసిన మలుపులు, ముందే చూసిన లిఫ్ట్. నెల రోజులకి కళ్లు మూసుకుని నడవగలవు. వెతకాల్సిన పెట్టెలు మెరుస్తూ సన్నగా హమ్మ్ అని మోగుతుంటాయి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే గోడ అవతల ఉన్నా ఆ చప్పుడుతో పట్టేయొచ్చు. ఇది నేను చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను, నువ్వు మొదటి రోజే వాడుకో. లోపల ఉన్నవాళ్లందర్నీ ఓడించాలనే పనుల్లో మాత్రం ఆఖరివాడు ఏ మూలో నక్కి ఉంటాడు. అందరూ తలో దిక్కూ వెళ్లి వెతకడమే మార్గం.

ఆటగాళ్ల మధ్య పోటీ ఈ ఆటకి ఎప్పుడూ బలం కాదు. నీకు ఒకరితో ఒకరు తలపడే ఆటే కావాలంటే ఇది నీది కాదు, ఇంకోటి చూసుకో. బొమ్మలు కూడా పాతవే. 2010లో కాస్త మెరుగులు దిద్దారు. దానివల్ల ఒక మేలుంది, నీ కాలేజీ ల్యాప్‌టాప్ మీద హాయిగా నడుస్తుంది. మీ నాన్నని కొత్త గ్రాఫిక్స్ కార్డ్ అడగకు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకోటుంది. 2009లో ఆటగాళ్లే సొంతంగా కథలు రాసి మిషన్లు తయారు చేసుకునే వీలిచ్చారు. ఎంత గొప్ప సంగతి! కొందరు చక్కటి కథలు రాశారు కూడా. ఎక్కువమంది దాన్ని త్వరగా లెవల్ పెంచుకునే గదిగా మార్చేశారు. ఓ గుహ నిండా శత్రువుల్ని నింపుకోవడం, ఒకడు దంచుతుంటే మిగతావాళ్లు గుమ్మం దగ్గర నిలబడటం. గానుగెద్దులా అదే గదిలో తిరిగి, ఊరు చూడకుండా 50కి చేరిపోయినవాళ్లని చూశాను. 50 చివరి లెవల్. చేరాక, "ఇప్పుడేం చేయాలి?" అని అడిగేవాళ్లు. ఆ ఊళ్లోనే ఉన్న స్టీల్ కాన్యన్ పేటకి దారి తెలియదు, కింగ్స్ రో పేటలో ఎవరు దొంగలో తెలియదు. నిన్ను కూడా పిలుస్తారు, "ఫార్మ్ చేద్దాం రా" అని. వద్దని మర్యాదగా చెప్పు. నడిచి తిరుగు, మేడల మీద నుంచి దూకు. మొదటిసారి గాల్లోకి లేచి ఊరంతా కింద కనబడిన రాత్రి నేను అరగంట ఏ పనీ చేయలేదు, ఊరికే ఎగురుతూ ఉన్నాను. అది ఒకరు చెప్తే వచ్చేది కాదు, నువ్వే చూడాలి.

లెక్కల్లో ఒక్క మాట. ఒక్కో శక్తికి బలం చేర్చే గడులు ఆరు దాకా ఉంటాయి. అన్నిట్లోనూ ఒకే రకం పెట్టకు. ఒకే రకంలో మంచివి మూడు పెట్టాక నాలుగోది పెట్టినా దాదాపు వృథా. 2005లో తెచ్చిన మార్పు అది, అప్పుడు నా హీరోలందర్నీ మళ్లీ సర్దుకోవాల్సి వచ్చింది.

టాస్క్ ఫోర్స్ అని పెద్ద పనులుంటాయి. గంటల తరబడి పడతాయి. ఒకసారి మొదలయ్యాక కొత్తవాళ్లని చేర్చుకోలేం. మధ్యలో నువ్వు లేచిపోతే నీ చోటు ఖాళీగానే ఉంటుంది, మిగతా ఏడుగురి రాత్రీ పాడవుతుంది. ఓసారి సినాప్స్ టాస్క్ ఫోర్స్‌లో మమ్మల్ని కాపాడాల్సినాయన చెప్పాపెట్టకుండా వెళ్లిపోయాడు. ఆయన లేకుండా తెల్లవారుజామున మూడింటి దాకా లాగాం. మర్నాడు ఆఫీసులో నా కళ్లు తెరుచుకోలేదు. పరీక్ష ఉన్న వారంలో అలాంటి వాటికి ఒప్పుకోకు, ఒప్పుకుంటే మాత్రం ఆఖరిదాకా ఉండు.

ఇంకో పెద్ద లోపం ఆటలోది కాదు, ఆన్‌లైన్ ఆటలన్నిటికీ ఉన్నదే. సర్వర్ వేరేవాళ్ల చేతిలో ఉంటుంది. 2012 ఆగస్టు 31న మూసేస్తున్నామని ప్రకటించారు, నవంబర్ 30న మూసేశారు. ఆ మధ్యలో ఓ రోజు వందలమంది అట్లాస్ పార్కులో, భూగోళాన్ని భుజాన మోసే ఆ విగ్రహం చుట్టూ చేరి కాగడాలు పట్టుకుని నిలబడ్డారు. నేనూ నిలబడ్డాను. అంతమంది ఒకేచోట చేరేసరికి కంప్యూటర్ మొరాయించి, బొమ్మ ఆగి ఆగి కదులుతోంది. ఆఖరి రాత్రి తెర మీద మ్యాప్‌సర్వర్‌తో కనెక్షన్ పోయిందని వచ్చింది. మీ పెద్దమ్మ పక్కన కూర్చుని, ఏమీ అనకుండా టీ గ్లాసు చేతికిచ్చింది.

మూసేశాక కూడా ఏళ్ల తరబడి కొందరు గుట్టుగా ఈ ఆటకి ఓ సర్వర్ నడిపారని 2019లో బయటపడింది. దాంట్లోంచి హోమ్‌కమింగ్ పుట్టింది, అంటే అభిమానులే నడిపే సర్వర్లు. 2024 జనవరిలో హక్కులున్న కంపెనీ వాళ్లకి లైసెన్స్ ఇచ్చింది. ఆడటానికి డబ్బు కట్టక్కర్లేదు, విరాళాల మీద నడుస్తోంది. ఇంత మేలు జరిగినా చెప్తున్నాను, నీ హీరో బొమ్మలు తీసి దాచుకో. రాసుకున్న కథ వేరే ఫైల్లో పెట్టుకో. మంచి స్నేహం దొరికితే ఆటలో మాత్రమే మాట్లాడుకుంటూ వదిలేయకు. నాతో ఆడినవాళ్లలో ముగ్గురితో ఇప్పటికీ మాట్లాడుతున్నాను. మిగతావాళ్ల ముసుగు పేర్లే తెలుసు, అసలు పేర్లు తెలియవు, ఎక్కడున్నారో కూడా తెలియదు.

మన దేశంలో సర్వర్ లేదు. యూరప్‌లో రీయూనియన్ ఉంది, నీకు అదే దగ్గర. అక్కడ రాత్రి ఎనిమిదికి జనం ఉంటారు, అంటే నీకు అర్ధరాత్రి అవుతుంది. అమెరికా సర్వర్లలో, మా న్యూజెర్సీ టైమ్ ప్రకారం రాత్రి తొమ్మిది అంటే వేసవిలో నీకు పొద్దున్న ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. ఆట కాస్త ఆలస్యంగా స్పందించినా, నిద్ర పాడు చేసుకోకుండా పొద్దున్నే లేచి ఆడటం నయం. మీ అమ్మ కూడా ఏమీ అనదు.

హోమ్‌కమింగ్‌లో ఎక్సెల్సియర్ సర్వర్ ఎంచుకో, నేను అక్కడే ఉన్నాను. హీరో పేరు వాట్సాప్‌లో పంపు. వచ్చే ఆదివారం పొద్దున్న ఆరున్నరకి అట్లాస్ విగ్రహం పాదాల దగ్గర ఉంటాను. ఆకుపచ్చ కోటు వేసుకున్న పొట్టి డిఫెండర్ కనబడితే అది నేనే. వచ్చి జట్టులో చేరు, స్పీడ్ బూస్ట్ వేస్తాను.

ప్రేమతో,
మీ పెదనాన్న