సగం వచ్చి ఆగిపోయిన జ్ఞానదంతం: నా అనుభవం

వయసు 23, కింద కుడివైపు జ్ఞానదంతం సగం వచ్చి ఆగిపోయింది, ఈ ఏడాది రెండుసార్లు చిగురు వాచి టాబ్లెట్లకి తగ్గింది, ఇప్పుడు నొప్పేం లేదు, డాక్టరేమో నాలుగూ తీసేద్దామంటున్నారు, ఏం చెయ్యాలి అని అడిగారు కదండీ. నాదీ దాదాపు ఇదే కథ, నేను చేసిన తప్పు మీరు చెయ్యకూడదనే ఇంత రాస్తున్నా.

సగం వచ్చిన పన్ను మీద చిగురు మూతలా కప్పేసి ఉంటుంది, దాని కిందకి మెతుకో పప్పో పోయి ఇరుక్కుంటుంది, బ్రష్ అందదు, అక్కడే కుళ్లి చీము పడుతుంది. నాకు వాచినప్పుడు నోట్లో రెండు వేళ్లు కూడా పట్టేవి కాదు, ముద్ద పెట్టుకోలేక మజ్జిగ తాగి పడుకున్నా. ఐదు రోజులు యాంటీబయాటిక్ వాడితే తగ్గింది, ఇంక ఆ సంగతే మర్చిపోయా. టాబ్లెట్ చీముని తగ్గిస్తుంది గానీ ఆ మూత, ఆ సందు ఎక్కడివక్కడే ఉంటాయి కదా, రెండేళ్లలో మూడుసార్లు తిరగబెట్టింది. ఆఖరికి ఓపీజీ, అంటే దవడ మొత్తం పడే ఎక్స్‌రే, తీయిస్తే జ్ఞానదంతం ముందుకి ఒరిగి పక్క పన్నుకి ఆనుకుని ఉంది, ఆ సందులో పక్క పన్ను వెనకవైపు పుచ్చిపోయింది. జ్ఞానదంతం పోతే పోయింది, రోజూ నమిలే దవడ పన్నుకి రూట్ కెనాల్, క్యాప్ చేయించాల్సొచ్చింది, నా బాధంతా దానికే.

అలాగని నాలుగూ పీకించెయ్యమని అనను. నిటారుగా పూర్తిగా వచ్చి, బ్రష్ అందుతూ, పుచ్చు లేకపోతే ఉంచుకోవచ్చు, నా పైవి రెండూ ఇంకా ఉన్నాయి. బ్రిటన్‌లో అయితే ఏ జబ్బూ లేని జ్ఞానదంతాన్ని ముందుజాగ్రత్త పేరుతో తియ్యొద్దని 2000లోనే గైడ్‌లైన్ ఇచ్చారు. అందుకే ఓపీజీ ఎదురుగా పెట్టుకుని ఒక్కో పన్నూ చూపించి దీన్నెందుకు తియ్యాలి అని అడగండి. కింది పెదవికి స్పర్శ ఇచ్చే నరం కింది పళ్ల వేర్ల దగ్గర్నుంచే వెళ్తుంది, అది ఎంత దగ్గరుందో కూడా అడగండి, మరీ దగ్గరుంటే ఓరల్ సర్జన్ చేత చేయించుకోవడమే మంచిది. పై పన్ను తీస్తే చూపు పోతుందని మా అమ్మమ్మ ఒకటే భయం, కంటిచూపు నరం వేరు, అది నమ్మకండి.

తీసేటప్పుడు మత్తు ఇంజెక్షన్ వల్ల నొప్పి తెలీలేదు, దవడని గట్టిగా నెడుతున్నట్టు మాత్రం ఉంటుంది, నాది ముక్కలు చేసి తీసి రెండు కుట్లు వేశారు. రెండు మూడు రోజులు వాపు ఎక్కువే. మొదటి 24 గంటలు గట్టిగా పుక్కిలించడం, ఉమ్మడం, స్ట్రాతో తాగడం వద్దు, సిగరెట్ అయితే అసలు ముట్టొద్దు, గుంతలో కట్టిన రక్తపు గడ్డ ఊడిందంటే రెండు మూడు రోజులకి చెవి దాకా లాగే నొప్పి మొదలవుతుంది. చల్లారిన రాగి జావ, మెత్తగా పిసికిన పెరుగన్నం తినండి.

మీకు రెండుసార్లు వచ్చింది కాబట్టి ఆ కింద కుడివైపుది మాత్రం ఇప్పుడు, వాపు లేనప్పుడే తీయించేసుకోండి, వాపు మీద మత్తు కూడా సరిగ్గా ఎక్కదు. ఈలోపు ఎప్పుడైనా జ్వరమొచ్చి వాపు మెడ కిందకి దిగినా, మింగడం కష్టమైనా, ఊపిరి ఆడకపోయినా తెల్లారేదాకా ఆగకండి, అప్పటికప్పుడే పెద్ద హాస్పిటల్‌కి వెళ్లిపోండి.