అంకె దగ్గర ఆగిపోయిన వ్యాసం

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం అందింది, రెండుసార్లు చదివాను. పదకొండేళ్ల లాబ్రడార్ ఒక రాత్రి గుమ్మానికీ మంచం కోడుకూ కొట్టుకుంటూ తిరగడం, మర్నాడు పశువైద్యుడు కంట్లో లైటు వేసి చూసి రెటీనా, అంటే కంటి వెనక గోడనున్న చూపు పొర, ఊడిందని చెప్పడం, బీపీ చూస్తే 190 ఉండటం, మాత్రలు మొదలుపెట్టడం అన్నీ శుభ్రమైన వాక్యాల్లో చెప్పావు. చదివించే గుణం నీ రాతలో ఉంది. అయితే వ్యాసం ఆ 190 దగ్గరే ఆగిపోయింది. ఈ కుక్కకు బీపీ ఎందుకు పెరిగిందన్న ప్రశ్న నువ్వు వేసుకోలేదు గనుక చదివేవాడికీ తట్టదు. కుక్కల విషయంలో చెప్పుకోదగ్గ కథంతా ఆ ప్రశ్న తర్వాతే ఉంది.

ఇందులో నీ తప్పు కన్నా మన ఇళ్ల అలవాటే ఎక్కువ. మనుషుల్లో బీపీ ఉన్నవాళ్లలో నూటికి తొంభై మందికి ఫలానా కారణం అని వేలు పెట్టి చూపించలేము. అందుకే ఉప్పు తగ్గించి, రోజూ మాత్ర వేసుకుని, నెలకోసారి చూపించుకుంటే సరిపోతుందన్న లెక్క మనకు స్థిరపడింది. కుక్కల్లో ఇది తిరగబడుతుంది. కుక్కకు బీపీ నిజంగానే ఎక్కువగా ఉందని తేలితే దాని వెనక చాలావరకు మరో జబ్బు ఉంటుంది, లేదా వాడుతున్న మందు ఉంటుంది. కిడ్నీ దెబ్బతినడం, కిడ్నీల పక్కనే ఉండే అడ్రినల్ గ్రంథుల హార్మోన్లు ఎక్కువ కావడం, మధుమేహం ఆ జాబితాలో ముందుంటాయి. కారణం దొరకని కేసులూ లేకపోలేదు కానీ ఆ మాట వెతకవలసినవన్నీ వెతికాక అనవలసినది. బీపీ పెంచే జబ్బులని నువ్వు పైపైన ఇచ్చిన జాబితాలో థైరాయిడ్ ఎక్కువ కావడాన్ని మొదట పెట్టావు, అది ప్రధానంగా పిల్లుల సమస్య, కుక్కల్లో అరుదు. పిల్లుల సమాచారం కుక్కల వ్యాసంలోకి జారిపడటం ఈ రంగంలో రాసేవాళ్లకు తరచూ జరుగుతుంది, ఒక కన్నేసి ఉంచు.

చరిత్ర కోసం ఒక పేరా కావాలంటే దూరం పోనక్కర్లేదు. 1934లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో హ్యారీ గోల్డ్‌బ్లాట్ అనే పెథాలజిస్టు కుక్కల మూత్రపిండాలకు రక్తం తీసుకెళ్లే ధమనులను చిన్న క్లాంపులతో బిగించి, ఒంట్లో రక్తపోటు పెరిగి అలాగే నిలిచిపోవడాన్ని చూపించాడు. రక్తం చాలని కిడ్నీ శరీరమంతటా పోటు పెంచే రసాయనాలకు తెర తీస్తుందన్న అవగాహన ఆ దారిలోనే బలపడింది, ఇవాళ మనుషులూ కుక్కలూ వాడుతున్న ఎనాలాప్రిల్ వంటి బీపీ మందులు ఆ అవగాహన మీదే పుట్టాయి. బీపీకి కారణం వెతకడం కుక్కల దగ్గరే ఒక మలుపు తిరిగిందని చెప్పడానికి ఇది చాలు, ఇంతకు మించితే వ్యాసం దారి తప్పుతుంది.

కారణం జోలికి పోయే ముందు అంకె నిజమేనా అన్నది తేల్చాలి. భయపడిన కుక్కకు బీపీ పెరుగుతుంది, ఆ భయం తగ్గితే దిగుతుంది. స్టీలు బల్ల, పక్క గదిలో మొరుగుడు, ముక్కుకు తగిలే మందుల వాసన ఇవన్నీ కలిసి ఆరోగ్యంగా ఉన్న కుక్కకు కూడా 170 చూపించగలవు. అందుకే గది ప్రశాంతంగా ఉండాలని, పెంచినవాళ్లు పక్కనే ఉండాలని, అయిదు నుంచి పది నిమిషాలు కుక్కను కుదుటపడనివ్వాలని, మొదటి రీడింగ్ వదిలేసి తర్వాతి అయిదారింటి సగటు తీసుకోవాలని పద్ధతి. కాలికి చుట్టి గాలి నింపే కఫ్ వెడల్పు ఆ కాలి చుట్టుకొలతలో 30 నుంచి 40 శాతం ఉండాలి. అది మరీ సన్ననిదైతే అంకె లేనిపోనిది ఎక్కువ వస్తుంది, వెడల్పైతే తక్కువ వస్తుంది. గ్రేహౌండ్ జాతికి సహజంగానే మిగతా కుక్కల కన్నా కొంచెం ఎక్కువ ఉంటుంది.

ఇదంతా పుస్తకం నుంచి ఎత్తి రాయకు. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం వంటి చోట్ల పశువైద్య కళాశాలలు ఉన్నాయి. అక్కడి ఆసుపత్రిలో అనుమతి అడిగి, కుక్క బీపీ చూస్తున్నప్పుడు ఒక పూట పక్కన నిలబడు. డాప్లర్ పద్ధతి అయితే పాదం కింది మెత్తకు కాస్త ఎగువన కాసింత వెంట్రుకలు గొరిగి, జెల్ రాసి, చిన్న ప్రోబ్ ఆనిస్తారు. రక్తం పోతున్న చప్పుడు స్పీకరులోంచి ఉస్సు ఉస్సుమని వినిపిస్తుంది. కఫ్‌లోకి గాలి కొట్టగానే ఆ చప్పుడు ఆగిపోతుంది. గాలి మెల్లగా వదులుతుంటే ఒకచోట మళ్లీ మొదలవుతుంది, ఆ క్షణాన మీటరు మీద ఉన్నదే సిస్టాలిక్ అంకె, అంటే బీపీలో పై అంకె. కుక్క తల తిప్పినా, కాలు లాక్కున్నా మళ్లీ మొదటికి. ఇది కళ్లారా చూసినవాడు '190' అని ఒంటరి అంకె రాసి ఊరుకోడు, ఎన్నిసార్లు చూశారు, ఏ కాలికి చూశారు అని అడుగుతాడు.

పశువైద్యులు వాడే కొలమానం కూడా చెప్పు: 140 లోపు నిశ్చింత, 160 దాటితే బీపీ ఉన్నట్టు, 180 దాటితే తీవ్రం. మామూలుగా అయితే వేరే రోజు మళ్లీ చూసి నిర్ధారిస్తారు. కానీ కన్ను, మెదడు, గుండె, కిడ్నీ దెబ్బతిన్న గుర్తులు కనిపిస్తే ఆగరు. నీ లాబ్రడార్ విషయంలో రెటీనాయే ఆ అంకెకు సాక్ష్యం చెప్పింది. నువ్వు వ్యాసంలో ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టావు గానీ ఒకదానికొకటి ముడి వేయలేదు.

ఇక అసలు సంగతి. నీ మూడో పేరా ఒకసారి తీసి చూడు. కుక్క నీళ్ల గిన్నె రోజుకు నాలుగుసార్లు నింపవలసి వస్తోందని, ఎంత పెట్టినా ఇంకా తింటానంటోందని, పొట్ట జారిందని, నడుము దగ్గర ఊడిన వెంట్రుకలు మళ్లీ రాలేదని, ఫ్యాను కింద పడుకున్నా రొప్పుతోందని నువ్వే రాశావు. దాన్ని ముసలితనం ఖాతాలో వేసి ముందుకు పోయావు. ఇవి కుషింగ్స్ జబ్బు లక్షణాలు, అంటే అడ్రినల్ గ్రంథులు చేసే కార్టిసాల్ అనే హార్మోను ఒంట్లో మోతాదు మించడం. అదే పేరాలో, రెండేళ్లుగా దురదకు మందుల షాపులో కొన్న మాత్రలు వేస్తున్నారన్న ముక్క కూడా ఉంది. ఆ మాత్ర కార్టిసాల్‌లా పనిచేసే ప్రెడ్నిసోలోన్ వంటి స్టెరాయిడ్ అయితే ఇవే లక్షణాలను, దానితో పాటు బీపీనీ తెచ్చిపెట్టగలదు. చర్మానికి పూసే స్టెరాయిడ్ క్రీములు, చెవి చుక్కలు కూడా దీర్ఘకాలం వాడితే ఆ పని చేయగలవు. అడ్రినళ్లను నడిపించే, మెదడు కింది పిట్యూటరీ గ్రంథిలో చిన్న గడ్డ, అడ్రినల్‌లోనే గడ్డ, లేదా ఆ మాత్ర: నీ వ్యాసంలో ముగ్గురు అనుమానితులున్నారు, ఒక్కరినీ నువ్వు ప్రశ్నించలేదు.

వాళ్లను డాక్టర్లు ఎలా వేరు చేస్తారో చెప్పడమే వ్యాసానికి నడుము కావాలి. పొట్ట స్కానింగ్‌లో రెండు అడ్రినళ్లూ ఉబ్బి ఉంటే అనుమానం పిట్యూటరీ మీదికి పోతుంది, ఒకటి పెరిగి రెండోది కుంచించుకుపోతే ఆ పెరిగినదాని మీదికి పోతుంది, బయటి నుంచి స్టెరాయిడ్ వస్తున్నప్పుడు పని లేక రెండూ చిన్నబోతాయి. అడ్రినళ్లను పనికి పురిగొల్పే ఏసీటీహెచ్ అనే ఇంజెక్షన్‌కు ముందు, తర్వాత రక్తం తీసి కార్టిసాల్ చూస్తే, మాత్రల వల్ల వచ్చిన కేసులో గ్రంథి దాదాపు ఉలకదు పలకదు. అందుకే 'స్టెరాయిడ్ వెంటనే ఆపేయండి' అని ఎక్కడా రాయకు. నిద్రపోయిన గ్రంథి లేవకముందే మాత్ర హఠాత్తుగా ఆపితే కుక్క ప్రాణం మీదికి వస్తుంది. తగ్గించడం ఎలాగన్నది డాక్టరు చేతిలో ఉండాలి.

కిడ్నీ దగ్గర కొంచెం నిదానించు. కిడ్నీ చెడితే బీపీ పెరుగుతుంది, బీపీ పెరిగితే కిడ్నీ చెడుతుంది. విత్తు ముందా చెట్టు ముందా అన్నట్టుండే ఈ చిక్కును దాచకుండా చెప్పు. రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ బయటికి పంపవలసిన వ్యర్థం)తో పాటు మూత్రం చిక్కదనం, మూత్రంలో ప్రోటీన్-క్రియాటినిన్ నిష్పత్తి చూస్తారు. ఆ నిష్పత్తి 0.5 దాటి అలాగే ఉంటే కిడ్నీ వడపోత కారుతోందని అర్థం. మన ప్రాంతంలో దీనికి పిడుదుల వల్ల వచ్చే టిక్ ఫీవర్ కూడా కారణం కావచ్చు. అది ముదిరితే వడపోతను దెబ్బతీస్తుంది. ముక్కులోంచి రక్తం కారితే మనవాళ్లు ముందు టిక్ ఫీవరేనంటారు, అది సబబే, కానీ బీపీ వల్ల కూడా అలా కారవచ్చు గనుక రెండూ చూడాలి. ఫియోక్రోమోసైటోమా అనే అడ్రినల్ గడ్డకు రెండు వాక్యాలు చాలు: పోటు వచ్చి పోతూ ఉంటుంది, డాక్టరు చూసిన వేళకు మామూలుగా ఉండి మోసం చేయవచ్చు.

మందుల పేర్లు రాయవచ్చు, మోతాదు మాత్రం వద్దు. మనుషుల బీపీ మందు ఆమ్లోడిపిన్ కుక్కలకూ ఇస్తారని చదివిన మరుక్షణం ఇంట్లో తాతగారి డబ్బా గుర్తొచ్చేవాళ్లుంటారు. ఇంకొకటి, కుషింగ్స్‌కు చికిత్స మొదలై లక్షణాలు తగ్గినా బీపీ దిగకపోవచ్చు, కాబట్టి కారణం దొరికాక కూడా కఫ్‌తో పని తీరదు.

'ఇప్పుడు బంగారంలా ఉంది' అన్న నీ చివరి వాక్యం కొట్టేశాను. ఊడిన రెటీనా బీపీ త్వరగా దిగితే కొన్నిసార్లు తిరిగి అతుక్కుంటుంది, చూపు కొంత రావచ్చు, రాకపోనూ వచ్చు. నీ లాబ్రడార్‌కు వచ్చిందా లేదా నువ్వు చెప్పలేదు. పెంచినవాళ్లను అడుగు, ఆ దురద మాత్ర పేరు కూడా మాత్రల అట్ట మీద చూసి రాసుకో, డాక్టరు అంగీకరిస్తే రీడింగుల కాగితం చూడు. తిరగరాశాక ముందు ఒక పశువైద్యుడికి చూపించి, తర్వాత నాకు పంపు.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి