అమ్మ మోకాలికి కొన్న, ఒంటికి ప్యాడ్లు అంటించి సన్నగా కరెంటు ఇచ్చే యంత్రం మెడకూ పెట్టవచ్చా?

మెడ ముందుభాగానికీ పక్కలకూ వద్దే వద్దండి. అక్కడి నరాలకు కరెంటు తగిలితే రక్తపోటు పడిపోవచ్చు, గొంతు కండరాలు బిగుసుకుని ఊపిరి ఆడకపోవచ్చు. తలకూ ఛాతీకీ కూడా పెట్టకూడదు. పేస్‌మేకర్ ఉన్నవారైతే డాక్టరు చెప్పనిదే యంత్రాన్ని ముట్టుకోకపోవడమే మంచిది.

ఇంతకీ మీరు కొన్నది ఏ రకమో చూశారా? నొప్పి తెలియకుండా నరాలను ఏమార్చేది టెన్స్, కండరాన్ని బిగించి వదిలేది ఈఎంఎస్. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి.

నాకు మోకాలి లిగమెంటు ఆపరేషన్ అయ్యాక ఫిజియోథెరపిస్టు తొడకు ఈఎంఎస్ పెట్టేవారు. 10 సెకన్లు బిగింపు, 50 సెకన్లు విశ్రాంతి. బెంగళూరు మారతహళ్లి ట్రాఫిక్‌లో రోజూ క్లినిక్‌కు వెళ్లి రావడం ఆపరేషన్ కంటే కష్టంగా ఉండి, నేనే ఒకటి కొనుక్కున్నాను. కొన్ని వారాలకు ప్యాడ్ల జెల్ ఎండి అంచులు లేచాయి. బిగింపు తగ్గినట్టు అనిపిస్తే, కరెంటు చాలడం లేదనుకుని పెంచాను. నిజానికి ప్యాడ్ అంతటా పరుచుకోవాల్సిన కరెంటు, అంటుకుని ఉన్న రూపాయి బిళ్లంత చోటు నుంచే వెళుతోంది. చర్మం కాలింది, మచ్చ ఇప్పటికీ ఉంది. అంటుకోని ప్యాడ్‌ను మొహమాటం లేకుండా పారేయండి. అమ్మగారికి మోకాళ్లకు నూనె రాసే అలవాటుంటే, ముందు సబ్బుతో కడిగి పూర్తిగా తుడవాలి.

అమ్మగారికి షుగర్ ఉందా? మీరు రాయలేదు. ఒంగోలు నుంచి మా నాన్న వచ్చినప్పుడు షుగర్ వల్ల తన పాదాలకు వచ్చిన తిమ్మిరికీ పెట్టమన్నారు. పెంచుతూ పోతుంటే "ఇంకా పెంచరా, ఏమీ తెలియడం లేదు" అంటారు. నాకు భయం వేసి ఆపేశాను. స్పర్శ తెలియని కాలికి కాలినా తెలియదు కదా!

ప్రతిసారీ సున్నా నుంచి మొదలుపెట్టండి, ఆపు చేశాకే ప్యాడ్లు తీయండి, నిద్రపోయేటప్పుడు వద్దు. మొదటిసారి మాత్రం యంత్రాన్ని వెంట తీసుకుని ఒక్కసారి ఫిజియోథెరపిస్టు దగ్గరకు వెళ్లండి. ప్యాడ్లు ఎక్కడ పెట్టాలో నాకు బాల్‌పెన్నుతో తొడ మీద గీసి పంపారు. స్నానం చేశాక గీతలు పూర్తిగా చెరిగిపోకముందే మళ్లీ దిద్దుకునేవాణ్ణి.