24 వేల కుర్చీ కొనాలా? ముందు మీ కార్డు బిల్లు చూద్దాం

ప్రశ్న: మాది విజయవాడ. నేను మెడికల్ కోడర్‌ని. హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తాను, చేతికి 41 వేలు వస్తాయి. మా ఆయన బట్టల షాపులో పనిచేస్తారు, 28 వేలు. బాబు ఆరో తరగతి. నాలుగేళ్లుగా డైనింగ్ టేబుల్ కుర్చీలోనే కూర్చుని పని చేస్తున్నాను. ఆరు నెలల నుంచి సాయంత్రమయ్యేసరికి నడుము పట్టేస్తోంది. ఆన్‌లైన్‌లో ఒక ఎర్గోనామిక్ చెయిర్ చూశాను, 24 వేలు. నో కాస్ట్ ఈఎంఐలో నెలకు 4 వేలు, ఆరు నెలలు. అద్దె, ఫీజులు, 5 వేల చీటీ, ఇంటి ఖర్చులు పోను నెలాఖరుకి నాలుగైదు వేలు మిగులుతాయి కాబట్టి సర్దుకోగలం. మా ఆయన మాత్రం “పొద్దున్నుంచి రాత్రిదాకా నేను నిలబడే పనిచేస్తున్నా. నువ్వు కూర్చోవడానికి 24 వేలా?” అంటున్నారు. లక్షన్నర ఎఫ్‌డీ ఉంది, దాన్ని కదపం. క్రెడిట్ కార్డులో 38 వేలు బాకీ ఉంది కానీ మినిమం డ్యూ తప్పకుండా కడుతున్నాం, దానితో ఇబ్బంది లేదు. కుర్చీ కొనొచ్చా? ట్యాక్స్‌లో ఏమైనా చూపించుకోవచ్చా? (పేరు వద్దన్నారు)

జవాబు: అమ్మా, కుర్చీ కొనండి. ఆ 24 వేలది వద్దు, ఈఎంఐలో అసలే వద్దు. ఎందుకంటే మీ ఉత్తరంలో కుర్చీ గురించి బోలెడు రాసి, కార్డు బాకీని ఒక్క వాక్యంలో దాటేశారు. నేను ఆ వాక్యం దగ్గరే ఆగిపోయాను.

మినిమం డ్యూ అంటే సాధారణంగా బాకీలో 5 శాతం. మీ బాకీకి 1,900 వస్తుంది. చాలా కార్డులు నెలకు మూడున్నర శాతం అటూ ఇటూగా వడ్డీ వేస్తాయి (మీ కార్డు రేటెంతో స్టేట్‌మెంట్ వెనక పేజీల్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది, వెతకండి). 38 వేల మీద ఆ వడ్డీ 1,330. వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ ఇంకో 239. అంటే మీరు తప్పకుండా కడుతున్న ఆ 1,900లో 1,570 దాకా వడ్డీకే పోతోంది. అసలులో తగ్గేది 330 రూపాయలు. ఈలోగా అదే కార్డు మీద ఒకసారి సరుకులు తెస్తే ఆ 330 కూడా తిరిగి వచ్చి కూర్చుంటుంది.

ఏడాదికి లెక్కేస్తే ఈ వడ్డీ 18 వేల 800. మీ ఆయనకి కుర్చీ ధర చూపించే ముందు ఈ అంకె చూపించండి. కుర్చీ కొనకుండానే ఏటా ఒక మంచి కుర్చీ మీ ఇంట్లోంచి బ్యాంకుకి నడిచి వెళ్ళిపోతోంది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. పాత బాకీ పూర్తిగా తీర్చనంతకాలం కార్డు మీద కొత్తగా కొన్నవాటికి ఆ 40, 50 రోజుల వడ్డీలేని గడువు వర్తించదు. గీసిన రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. మీరు పప్పూ ఉప్పూ కూడా వడ్డీకి తెచ్చుకుంటున్నట్టు లెక్క.

ఇక నో కాస్ట్ ఈఎంఐ. బ్యాంకు ఎప్పుడూ ఊరికే అప్పివ్వదు. వడ్డీ ఉంటుంది, ఆ మేరకు అమ్మేవాళ్ళు ధరలో ముందే తగ్గిస్తారు, మనకి సున్నాగా కనిపిస్తుంది. సున్నా వడ్డీ అనే మాటే లేదని రిజర్వ్ బ్యాంక్ 2013 సెప్టెంబర్‌లోనే బ్యాంకులకి చెప్పింది. వడ్డీ మీద జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మాత్రం మీవే. 24 వేల మీద ఆరు నెలలకి అన్నీ కలిపి నాలుగైదు వందలు దాటకపోవచ్చు. నిజం చెప్పాలంటే అదేమంత పెద్ద మొత్తం కాదు. నా అభ్యంతరం వేరే ఉంది. ఇప్పటికే నెలాఖరుకి నాలుగైదు వేలే మిగులుతున్న ఇంట్లో, ఆ నాలుగు వేలూ ఆరు నెలలపాటు ముందే రాసిచ్చేశాక బాబుకి జ్వరమొచ్చినా, మిక్సీ పాడైనా మళ్ళీ కార్డే గీస్తారు. 38 వేలు 50 అవుతుంది.

అందుకని “కదపం” అన్న ఎఫ్‌డీనే కదపమంటున్నాను. ఎమర్జెన్సీ డబ్బు జోలికి వెళ్ళొద్దని ఈ శీర్షికలో పదేపదే చెప్పేవాణ్ణి నేనే, ఒప్పుకుంటాను. కానీ ఎఫ్‌డీలో 7 శాతం వస్తుందనుకున్నా, 38 వేల మీద ఏడాదికి మీకు వచ్చేది 2,660. అదే 38 వేలకి కార్డులో మీరు పోసేది 18 వేల 800. కుడిచేత్తో పోగేసి ఎడంచేత్తో పారబోయడమే. బ్యాంకుకి వెళ్ళి 51 వేలు తీయండి: 38 కార్డుకి, 13 కుర్చీకి. గడువుకి ముందు తీస్తే వడ్డీలో అర శాతమో ఒక శాతమో కోస్తారు, అంతే. కొన్ని బ్యాంకులు కొంత మొత్తం తీయనివ్వవు, మొత్తం మూసి మిగిలింది కొత్తగా వేయమంటాయి. ఎఫ్‌డీ ఇంకో రెండు మూడు నెలల్లో తీరేదయితే దాన్ని తెంచకుండా దాని మీదే లోన్ తీసుకోండి. ఎఫ్‌డీ వడ్డీకి ఒకటో రెండో శాతం ఎక్కువ పడుతుంది, అయినా కార్డుతో పోలిస్తే అది వడ్డీయే కాదు. చీటీ పాడి తెద్దామన్న ఆలోచన వస్తే మానుకోండి. పాటలో వదులుకునేది ఎంతో అప్పటికప్పుడు గానీ తేలదు.

కార్డు మొత్తం కట్టేశాక తర్వాతి నెల స్టేట్‌మెంట్‌లో ఇంకో కొన్ని వందలు వడ్డీ కనబడుతుంది. మోసమేమో అని కంగారు పడకండి. స్టేట్‌మెంట్ తేదీ నుంచి మీరు కట్టిన రోజు దాకా పడిన వడ్డీ అది. అదీ కట్టేస్తేనే లెక్క తెగినట్టు.

మిగిలిన 99 వేలు మీ ఇంటికి నెలన్నర ఖర్చులకి సరిపోతాయి. తక్కువే. కాకపోతే ఇకపై మినిమం డ్యూ 1,900 మిగులుతుంది, ఈఎంఐకి కడదామనుకున్న 4 వేలు ఎలాగూ ఉంది. రెండూ కలిపి 6 వేలకి ఒక ఆర్‌డీ వేసి, జీతం పడిన మర్నాడే కట్ అయ్యేలా పెట్టండి. తొమ్మిది నెలలు తిరిగేసరికి తీసిన 51 వేలు తీసినచోటికి వస్తాయి.

కుర్చీకి 13 వేలే ఎందుకన్నానో చెప్తాను. మీరు ఏడాదికి తక్కువలో తక్కువ 2 వేల గంటలు కూర్చుంటారు. నాలుగున్నర వేల కుర్చీ ఏడాదిన్నర వస్తే గంటకి రూపాయిన్నర. 13 వేల కుర్చీ అయిదేళ్ళు వస్తే గంటకి రూపాయి 30 పైసలు. ఇక్కడిదాకా ఎక్కువ పెట్టడమే చవక. 24 వేలది మాత్రం పదేళ్ళు రాదు. అదీ అయిదారేళ్ళే. ఆ పైన పెట్టే 11 వేలు ఎక్కువగా హెడ్‌రెస్ట్‌కి, కిందనుంచి లాగే కాళ్ళ పలకకి, పేరుకి పోతాయి. టైపు కొట్టేటప్పుడు తల హెడ్‌రెస్ట్‌కి ఆనదు. ఆనిందంటే మీరు కునుకు తీస్తున్నారని.

ఈ గంటల లెక్కతోనూ జాగ్రత్త. దీంతో దేన్నయినా కొనిపించొచ్చు. అమెరికాలో 1994లో వచ్చిన ఏరాన్ అనే కుర్చీ ఉంది, హెర్మన్ మిల్లర్ వాళ్ళది. 12 ఏళ్ళ వారంటీ, మన దగ్గర లక్ష దాటుతుంది. లక్షా 20 వేలు అనుకున్నా గంటకి 5 రూపాయలే అని అమ్మేవాళ్ళు చెప్తారు. లెక్క తప్పు కాదు. కానీ మనం ఇవ్వాల్సింది గంటకి 5 కాదు, ఒకేసారి లక్షా 20 వేలు.

నా సొంత కథ ఒకటి. ఆఫీసు పెట్టిన కొత్తలో హోదాగా ఉంటుందని 6,500కి ఎత్తు వీపున్న నల్లటి రెక్సిన్ కుర్చీ కొన్నాను. మన బెజవాడ ఉక్కకి రెండో వేసవికే రెక్సిన్ పొట్టు లేచింది. క్లయింట్ల ముందు లేచి నిలబడితే తెల్ల చొక్కా వెనక నల్ల పొరలు. ఆ తర్వాత సీటుని పైకీ కిందికీ లేపే హైడ్రాలిక్ పోయి, మాట్లాడుతూ మాట్లాడుతూ మెల్లగా కిందికి దిగిపోయేవాణ్ణి. ఆ దిగిపోతున్న మనిషి ఇచ్చిన పొదుపు సలహాలు ఎంతమంది నమ్మారో నాకనుమానమే. అందుకే చెప్తున్నా, మన వాతావరణానికి వీపు మెష్‌దే (గాలాడే వల లాంటి గుడ్డ) తీసుకోండి. సీటు మాత్రం గట్టి ఫోమ్ ఉన్నా పర్లేదు. బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి, అడుగున చెక్క తగిలితే ఆ కుర్చీ వద్దు.

డబ్బు పెట్టాల్సినవి నాలుగే. నడుము దగ్గర ఆనే భాగం పైకీ కిందికీ జరగాలి. కుర్చీ చేతుల ఎత్తు మారాలి. వెనక్కి వాలితే ఆ బిగువు తిప్పుకునే వీలుండాలి. నాలుగోది సీటు లోతు. వెనక్కి ఆనుకుని కూర్చుంటే మోకాలి వెనక రెండు మూడు వేళ్ళు పట్టేంత ఖాళీ మిగలాలి. అయిదడుగుల ఆడవాళ్ళకి మన మార్కెట్లో చాలా కుర్చీల సీట్లు పొడుగైపోతాయి. అంచు మోకాలికి తగులుతుంటే తెలియకుండానే ముందుకి జరిగి కూర్చుంటాం, నడుముకి దన్ను పోతుంది, 24 వేలూ గాలికి పోయినట్టే. ఫొటో చూస్తే ఇవేవీ తెలియవు. బందరు రోడ్డులోనో ఏలూరు రోడ్డులోనో ఏదైనా ఫర్నిచర్ షోరూముకి వెళ్ళి ఇరవై నిమిషాలు కూర్చోండి. అమ్మేవాళ్ళు చూసినా మొహమాటపడకండి.

బిఫ్మా అని పెద్ద అక్షరాలతో రాస్తారు. అది అమెరికా ఫర్నిచర్ తయారీదార్ల సంఘం. దాని ప్రమాణం ప్రకారం పరీక్షించారంటే కుర్చీ విరగదు, తలకిందులవదు అన్న భరోసా. మీ నడుముకి సరిపోతుందని కాదు. మన దేశ ప్రమాణాల సంస్థ బీఐఎస్‌లోనూ వర్క్ చెయిర్లకి ఐఎస్ 17631 అని ప్రమాణం ఉంది, ఆ గుర్తు ఉంటే మంచిదే. వారంటీ మూడేళ్ళు అనగానే సంతోషపడకుండా దేనికో అడగండి. హైడ్రాలిక్‌కీ, వాలే మెకానిజానికీ ఉండాలి. చాలాచోట్ల మెష్, ఫోమ్, చేతులు వారంటీలోకి రావు. రిపేరుకి విజయవాడలో మనిషి ఉన్నారా, వస్తే ఎంత తీసుకుంటారు, విడి చక్రాలు దొరుకుతాయా అన్నది ధరకంటే ముందు అడగాలి. మీ ఇంట్లో టైల్సో గ్రానైటో ఉంటుంది కాబట్టి మెత్తటి పీయూ (పాలీయురెథేన్) చక్రాలు అడగండి. గట్టి నైలాన్ చక్రాలు నేల గీస్తాయి, జారతాయి కూడా.

డైనింగ్ టేబుల్ మారదు కదా. అది సుమారు 30 అంగుళాలు ఎత్తుంటుంది. మోచేతులు బల్లకి సమానంగా వచ్చేలా కుర్చీ పైకి లేపితే కాళ్ళు వేలాడతాయి. దానికి కుర్చీ మార్చక్కర్లేదు, వంటింట్లో పీట తెచ్చి కాళ్ళ కింద వేసుకోండి. ల్యాప్‌టాప్ అయితే నాలుగు లావుపాటి పుస్తకాల మీద ఎత్తుగా పెట్టి, విడిగా కీబోర్డు, మౌస్ వాడండి. ఈ రెండూ కలిపి వెయ్యీ పదిహేను వందల్లో అవుతాయి. కుర్చీ వచ్చేలోపే మొదలుపెట్టండి. నొప్పి కాలిలోకి పాకుతున్నా, తిమ్మిరెక్కుతున్నా కుర్చీకంటే ముందు ఎముకల డాక్టర్‌ని కలవండి. ఆ ఫీజుకి నా అనుమతి అక్కర్లేదు.

డబ్బులు పెట్టేముందు మీ హెచ్ఆర్‌కి ఒక మెయిల్ రాయండి. ఇంటి నుంచి పనిచేసేవాళ్ళకి కొన్ని కంపెనీలు కుర్చీకి అలవెన్స్ ఇస్తాయి, కొన్ని ఆఫీసు ఫ్లోర్ ఖాళీ చేసినప్పుడు పాత కుర్చీలు ఉద్యోగులకి తక్కువకి ఇచ్చేస్తాయి. పెద్ద ఆఫీసుల్లో వాడిన సెకండ్ హ్యాండ్ కుర్చీ ఆరేడు వేలకి దొరికితే కొత్త 13 వేల దానికంటే నేను దానికే ఓటేస్తాను. హైడ్రాలిక్ దిగిపోవట్లేదని పావుగంట కూర్చుని చూసుకోవాలి, అంతే.

ట్యాక్స్ సంగతి ఒక్క ముక్కలో. జీతగాళ్ళకి కుర్చీ బిల్లు ఎక్కడా పనికిరాదు. కొత్త విధానంలో ఇచ్చే 75 వేల స్టాండర్డ్ డిడక్షన్‌లోనే అన్నీ కలిసిపోయినట్టు. ఫర్నిచర్ మీద ఏటా 10 శాతం తరుగుదల చూపించుకునేది ఖాతా పుస్తకాలు రాసే వ్యాపారులు, ఫ్రీలాన్సర్లు. ధరలో ఉన్న 18 శాతం జీఎస్టీ కూడా మీకు తిరిగి రాదు. అయినా బిల్లు ఫొటో తీసి దాచండి, వారంటీకి కావాలి.

చివరిగా మీ ఆయన మాట. ఆయన అడిగినదాంట్లో న్యాయం ఉంది. పది పన్నెండు గంటలు కౌంటర్ దగ్గర నిలబడే మనిషికి కూర్చునే కష్టం కష్టంలా కనిపించదు. ఆయనతో వాదన పెట్టుకోకండి, షోరూముకి ఆయన్నీ తీసుకెళ్ళండి. బట్టల షాపులో ఇన్నేళ్ళున్న మనిషి, బేరం మీకంటే బాగా ఆడతారు. 13లో వెయ్యో పదిహేను వందలో తగ్గిస్తే, వచ్చే దారిలో ఆగి, ఆ డబ్బుతో ఆయనకి మెత్తటి అడుగున్న మంచి చెప్పులు కొనండి.